ఎండకి ఎక్కిన శ్రుతి

దేవుడు నాకు రెండు చెవులు ఇచ్చింది కళ్ళజోడు ఆనించుకోవడానికి, సందు దొరికితే పెన్సిలు పెట్టుకోవడానికి మాత్రమేనని నా గట్టి నమ్మకం. బళ్ళో ప్రార్థన పాడేటప్పుడు మా పంతులమ్మ నా పక్కకి వచ్చి, నోరు ఆడించు నాన్నా, శబ్దం మాత్రం రానీకు అని బతిమాలుకునేది. ఎనిమిదో తరగతి మధ్యలో నేను చదువు మానేస్తే అందరికన్నా ఎక్కువ ఊరట పొందింది ఆ ప్రార్థనేనని మా అక్క ఇప్పటికీ అంటుంది. అలాంటివాణ్ణి నేను ఒక సంగీత వాయిద్యం తయారుచేశాను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి. ముందు ముందు అంత వీలుండదు.

విజయవాడ బెంజ్ సర్కిల్ వెనక సందులో నాకు రిపేరు షాపు ఉంది, దాన్ని ఆనుకునే ఇల్లు. మిక్సీలు, ఇన్వర్టర్లు, టీవీలు, పెళ్ళి మైకుల వాళ్ళు కాల్చుకొచ్చే ఆంప్లిఫయర్లు, అన్నీ చూస్తాను. చదువు అంటలేదు గానీ కరెంటు అంటుకుంది. రెండు మూడుసార్లు నిజంగానే అంటుకుంది.

మా అక్కని ఇచ్చింది చల్లపల్లి పక్క ఊళ్ళో. బావ హార్మోనిస్టు, పద్యనాటకాలకి వాయిస్తాడు. స్టేజి మీద నటుడు పద్యం ఎత్తుకుని, చివర రాగం తీస్తూ ఎటెటో వెళ్ళిపోతుంటే, ఆయన్ని కింద నుంచి పట్టుకుని మళ్ళీ ఇంటికి చేర్చేది హార్మోనియమే. బావ వాయించేది కాళ్ళతో తొక్కే రకం. కింద రెండు తొక్కుడు పలకలుంటాయి. పాదాలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే గాలి ఆగకుండా వస్తుంది, రెండు చేతులూ పైన నలుపూ తెలుపూ మెట్ల మీద తిరుగుతాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన ఒకే నటుడికి వాయించాడు. ఆ నటుడు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటాడో ఆయన భార్యకి తెలియదు గానీ మా బావకి తెలుసు.

బావా బావమరుదుల వరస కాబట్టి మా మధ్య అనుకోని మాట లేదు. పెళ్ళిపీటల దగ్గరే నేను ఆయన్ని గాలి కొట్టే బావ అన్నాను. ఆయన వెంటనే, "నీ చెవులకి ఇంకా కంపెనీ ప్యాకింగ్ విప్పలేదేంట్రా" అన్నాడు. అప్పటి నుంచి మేం మాట్లాడుకున్నది ఆ భాషే. ఎవరికైనా వింతగా ఉంటుందేమో, ఇరవై మూడేళ్ళలో మేమిద్దరం ఒక్కసారి కూడా, బాగున్నావా అంటే బాగున్నాను అని చెప్పుకోలేదు.

బావకి షుగర్. కుడికాలి బొటనవేలికి చిన్న పుండు లేచింది. అదే తగ్గుద్దిలే అంటూ కట్టు కట్టుకుని నాటకాలకి తిరిగాడు. ఆ కట్టు కట్టిన పాదంతోనే తొక్కాడు. చివరికి విజయవాడ ఆసుపత్రిలో మోకాలి కింద దాకా తీసేశారు. డ్రెస్సింగులకీ, పెట్టుడు కాలు అమర్చడానికీ దగ్గరని అక్కా బావా మా ఇంట్లోనే ఉన్నారు. నటుడు రెండుసార్లు వచ్చి చూశాడు. షుగర్ మనిషికి బత్తాయిలు తెచ్చాడు. మూడోసారి రాలేదు, ఫోన్ చేశాడు. పండగల ప్రోగ్రాములు ఒప్పుకున్నానని, నువ్వు కోలుకునే దాకా ఒక కీబోర్డు ఆయన్ని పెట్టుకున్నానని చెప్పాడు. బావ మంచిదేనన్నాడు. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెట్టుడు కాలు వచ్చాక ఊరెళ్ళి తన హార్మోనియం తొక్కి చూశాడు. ఎడమ పాదం బరువు వేరు, కుడివైపు బరువు వేరు. గాలి వెక్కిళ్ళు పడుతూ వచ్చిందని అక్క చెప్పింది. చేత్తో తిత్తి ఆడించే చిన్న హార్మోనియం ఉంది కదా అంటే, కాలు తీసుకున్నారు, ఇప్పుడు చెయ్యి కూడా తిత్తికి ఇవ్వమంటావా అన్నాడు. ఆయన మళ్ళీ మా ఇంటికి వచ్చాక, మా పక్కింటివాళ్ళ కీబోర్డు అడిగి తెచ్చి ముందు పెట్టాను. ఆ తేలిక ప్లాస్టిక్ మెట్లు రెండు నిమిషాలు నొక్కి, చీమల మీద నడిచినట్టుందని పక్కకి నెట్టేశాడు.

అప్పుడు నేను మాట ఇచ్చాను. నీ మెట్లు నీకుంటాయి, గాలి చేసే పని మాత్రం నేను కరెంటుతో చేయిస్తానని.

వాళ్ళ అటక మీద తిత్తి చిరిగిపోయిన పాత హార్మోనియం ఒకటి ఉంటే తెప్పించాను. లోపల ఇత్తడి రీడ్లన్నీ తీసేశాను. ఒక్కో మెట్టు కింద ఒక్కో చిన్న స్విచ్చి బిగించాను. మెట్టు నొక్కితే స్విచ్చి కలుస్తుంది, బోర్డు మీద ఉన్న ఐసీ కూస్తుంది. ఆ ఐసీ బల్లి పిల్లంత ఉంటుంది, కాలింగ్ బెల్లుల్లో, బొమ్మకార్లలో వాడేది. అది సన్నగా కూయాలా లావుగా కూయాలా అన్నది రెండు వస్తువులు నిర్ణయిస్తాయి. ఒకటి ప్రీసెట్. చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పే మర అది, మెట్టుకొకటి పెట్టాను. రెండోది కెపాసిటర్, కరెంటుని కాస్త దాచి వదిలే చిన్న గింజ, అన్ని మెట్లకీ కలిపి ఒకటే. ఆ కెపాసిటర్ని నేను పాత టీవీ బోర్డు నుంచి పీకి వేశాను. డబ్బాలో అలాంటివి గుప్పెళ్ళు ఉన్నాయి. ఈ కథంతా ఆ ఒక్క గింజది.

మొదటిసారి మోగినప్పుడు చెవి దగ్గర దోమ వచ్చినట్టుంది. ఇంకో నాలుగు రోజులు కుస్తీ పట్టి, ఆ కీచును తగ్గించి, పాత రేడియో స్పీకరు పెట్టి, హార్మోనియానికి దూరపు బంధువులా అనిపించేలా చేశాను. బావ మంచం మీద నుంచే విని, "దూరపు బంధువు కాదురా, ఇంటి ముందు ఆగి అడ్రసు అడిగినవాడు" అన్నాడు. కానీ లేచి కూర్చున్నాడు. వంటింట్లోంచి అక్క తొంగి చూసి, మళ్ళీ గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ఆయన తనంతట తాను లేచి కూర్చోవడం అదే మొదలు.

శ్రుతి చేయడమొక్కటే మిగిలింది. నా చెవుల సంగతి చెప్పానుగా, అందుకని ఫోన్లో శ్రుతి చూపించే యాప్ వేశాను. శబ్దం వింటే ముల్లు కదులుతుంది, సరిగ్గా ఉంటే పచ్చరంగు వస్తుంది. నా చెవి చేయాల్సిన పని నా కన్ను చేసింది. చిక్కల్లా మా సందులో ఆటోలు. ఏ హారన్ మోగినా ముల్లు అటు పరుగెత్తేది. అందుకని తెల్లవారుజామున అయిదింటికి, బెంజ్ సర్కిల్ ఇంకా ఆవులిస్తున్నప్పుడు, బావా నేనూ షాపు తెరిచి కూర్చునేవాళ్ళం. నేను ముల్లు చూసి తిప్పేవాణ్ణి, ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. కొన్ని మెట్లకి నా పచ్చరంగు ఆయనకి నచ్చేది కాదు. ఇంకో పిసరు దించమనేవాడు. ఫోన్ తప్పు చెబుతుందా బావా అంటే, ఫోన్‌కి పద్యం వచ్చా అనేవాడు. ఏడయ్యేసరికి హారన్లు మొదలయ్యేవి, మేం ఆపేసేవాళ్ళం. అలా ఇరవై రోజులు. శ్రుతి చేసిందంతా ఆ చల్లటి పూటే.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన సరదాగా ఏదో వాయించుకుంటున్నాడు. షాపు రేకు కాలిపోతోంది. నేను ఒక మిక్సీ విప్పుకుని ఉన్నాను. ఆయన ఆగి, మళ్ళీ అదే మెట్టు నొక్కి, మళ్ళీ ఆగాడు.

"ఒరేయ్, ఇది పొద్దుటి కన్నా ఎక్కిందిరా."

ఫోన్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముల్లు చూస్తే అర నిమిషం పని. నేను తల కూడా ఎత్తలేదు.

"ఎక్కింది శ్రుతి కాదు బావా, షుగరు. కాలి పని అయింది, ఇప్పుడు చెవులకొచ్చింది."

మా భాషలో దానికి బదులు రావాలి. ఇరవై మూడేళ్ళలో ఆయన నాకు బదులు బాకీ పెట్టింది లేదు. ఆ రోజు మాత్రం చెవి రుద్దుకుని, "అయ్యుండొచ్చు" అన్నాడు. నేను గెలిచాననుకుని మిక్సీ బిగించేసుకున్నాను.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కాలికి పుండు లేచిన రోజు నుంచి ఆయన ఒంటి మీద ఆయనకి నమ్మకం పోయింది. చూపు మసకగా ఉందా, చెయ్యి వణుకుతోందా అని రోజూ తనని తనే సోదా చేసుకునేవాడు. ఒక్క చెవి జోలికి మాత్రం పోలేదు. అది తనదేననే ధైర్యంతో ఉన్నాడు. దాన్ని నేను ఒక్క జోకుతో తీసేశాను. డాక్టరుకైనా మత్తుమందు కావాల్సివచ్చింది.

మే నెలలో ఒక అవకాశం వచ్చింది. వాళ్ళ వైపు ఒక పాత నటుడు పోతే సంస్మరణ సభ పెట్టారు. చల్లపల్లి దగ్గర రేకుల కప్పు కల్యాణమండపం, ఉదయం పదకొండింటికి మొదలు. వేషాలు లేవు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి పద్యాలు పాడతారు. ఫోన్ చేసింది బావ ఇరవై ఎనిమిదేళ్ళు వాయించిన నటుడే. ఆ రోజు కీబోర్డు ఆయన్ని పిలవడం లేదని, నువ్వు వచ్చి నాకు వాయించమని అడిగాడు. బావ ఫోన్ పెట్టేశాడు. తర్వాత అక్కని తెల్లచొక్కా ఇస్త్రీ చేయమన్నాడు. అది బాగా జరిగితే ఆయన మళ్ళీ స్టేజి మీదికి వస్తాడు. జరగకపోతే గోడే. ఇది ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

మొదటి రెండు పద్యాలు బ్రహ్మాండంగా జరిగాయి. పెట్టెను చూసి కొందరు నవ్వారు గానీ మోగాక సర్దుకున్నారు. తర్వాత ఆ నటుడు తన పేరు నిలబెట్టిన పద్యం ఎత్తుకున్నాడు. మా వైపు పద్యం బాగుంటే జనం చప్పట్లు కొట్టి ఊరుకోరు, వన్స్‌మోర్ అని అరుస్తారు. అరిస్తే నటుడు మళ్ళీ పాడాలి, ఈసారి రాగం ఇంకా పొడుగు తీయాలి. పాడకపోతే జనానికి అవమానం, అడగకపోతే నటుడికి అవమానం. నేను ముందు వరసలో ఉన్నాను. పద్యం అయిపోగానే లేచి నిలబడి, బళ్ళో అణిచిపెట్టిన గొంతంతా పెట్టి వన్స్‌మోర్ అన్నాను. జనం అందుకున్నారు.

అప్పటికి పన్నెండున్నర. రేకులు ఉడుకుతున్నాయి. స్టేజి మీద వీడియో వాడి లైట్లు రెండు తిన్నగా బావ పెట్టె మీద పడుతున్నాయి.

రెండోసారి పాడుతుండగా తబలా ఆయన శ్రుతి బిగించే సుత్తి తీసి తబలా అంచు మీద కొట్టుకోవడం చూశాను. కొట్టి, బావవైపు చూసి, మళ్ళీ కొట్టాడు. నటుడి మెడ నరాలు లేచాయి. భావం బాగా పలుకుతున్నాడని నేను మురిసిపోయాను. పద్యం అయిపోగానే మళ్ళీ లేచి అరిచాను. మూడోసారి అయ్యాక కూడా నేనే. ఈసారి నాతో గొంతు కలిపినవాళ్ళు తక్కువని కూడా నేను గమనించలేదు. లేచినప్పుడు బావ నావైపు చూశాడు. ముఖమంతా చెమట. ఆనందం పట్టలేకపోతున్నాడనుకుని బొటనవేలు ఎత్తి చూపించాను.

శ్రుతి ఎక్కుతోందని ఆయనకి వినపడుతూనే ఉంది. ఒక మెట్టు కిందికి జరిగి వాయిస్తే సరిపోయేది, అది ఆయనకి చిటికెలో పని. జరగలేదు. చెడింది పెట్టె కాదు, తన చెవేననుకున్నాడు. ఆ మాట ఆయనకి చెప్పింది నేను.

నాలుగోసారి రాగం పై కొసకి వెళ్ళేసరికి నటుడి గొంతు చీలింది. అరవై దాటిన గొంతు, నాలుగుసార్లు పైకి, ఇంకా పైకి లాగితే ఏమవుతుందో అదే అయింది. బట్ట చిరిగిన చప్పుడు వచ్చి ఆగిపోయింది. ఆ చప్పుడు మాత్రం నాక్కూడా వినపడింది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. నటుడు మైకు స్టాండుకి తగిలించి బావ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించే అన్నాడు గానీ ముందు వరసకి వినపడింది.

"శ్రుతి పెంచుకుంటా పోయావు కదయ్యా. కీబోర్డు పెట్టుకున్నానని కసి ఇట్టా తీర్చుకున్నావా? ఇరవై ఎనిమిదేళ్ళు నీ పక్కన పాడిన గొంతయ్యా ఇది."

నాటకాల వాళ్ళలో ఆ మాట చిన్నది కాదు. నటుడి మీద కోపమొచ్చిన హార్మోనిస్టు శ్రుతి పెంచి ఏడిపిస్తాడని అందరూ చెప్పుకుంటారు. అలా చేశాడని పేరొస్తే వాడి పక్కన ఇక ఎవరూ నిలబడరు. బావ మెట్ల మీద నుంచి చేతులు తీసేశాడు.

"కసి కాదు. నా చెవి తప్పింది" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. పెట్టె నాదని సభ మొదట్లో మైకులో చెప్పించుకున్నాను మరి. ఆ క్షణంలో లేచి, పెట్టెలో ఏదో తేడా ఉందండీ, ఆయన తప్పు కాదు అంటే అయిపోయేది. నిజంగా ఏమైందో నాకు అప్పటికి తెలియదు గానీ, చల్లటి పూట తప్ప ఎప్పుడూ శ్రుతి చూడలేదని తెలుసు, ఏప్రిల్ మధ్యాహ్నం ఆయన అన్న మాట గుర్తొచ్చింది. నోట్లోకి వచ్చింది మాత్రం జోకే. "ఎండకి పాలు పొంగినట్టు శ్రుతి కూడా పొంగింది లెండి" అన్నాను, కూర్చునే. నలుగురు నవ్వారు. నటుడు కండువా దులుపుకుని స్టేజి దిగిపోయాడు.

కారులో విజయవాడ బయల్దేరాం. పెట్టె నా ఒళ్ళో ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది.

మర్నాడు షాపులో పెట్టె విప్పి, పక్కన ఫోన్ పెట్టి, ఆ టీవీ కెపాసిటరుకి దగ్గరగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను, తగలకుండా. పచ్చరంగు పోయింది. ముల్లు పైకి పాక్కుంటూ వెళ్ళి పక్క మెట్టు దాకా చేరింది. ఐరన్ తీసేస్తే మెల్లగా దిగింది. వేడికి మారిపోయే చవక రకం అది. మంచి రకం నా డబ్బాలోనే, అదే అరలో ఉంది. అలవాటుగా చేతికి అందింది వేశాను.

ఇది ఆయనకి చెప్పడానికి నాకు ఇరవై అడుగుల దూరం. ఆరు వారాలు పట్టింది. మొదట రేపు చెబుదామనుకున్నాను. తర్వాత, చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటాడనుకున్నాను. ఈలోగా ఆయన ఫోన్ మోగడం మానేసింది. చల్లపల్లి వైపు ఆయన పేరు ఎలా చెప్పుకుంటున్నారో ఊరి నుంచి వచ్చినవాళ్ళు అక్కకి చెప్పి వెళ్ళారు. ఆయన టీవీ శబ్దం బాగా పెంచి చూసేవాడు. వినపడక కాదు. వినపడదని తనకి తానే ఒప్పజెప్పుకుంటున్నాడు. ఒకరోజు అక్క ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని నన్ను అడిగింది. ఏ రోజు ఖాళీ అని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఇక దాచడం నా వల్ల కాలేదు.

పెట్టె తీసుకెళ్ళి మంచం మీద ఆయన పక్కన పెట్టాను. ఫోన్ తెర నావైపు తిప్పుకున్నాను, ఆయనకి కనపడకుండా. ఒక మెట్టు నొక్కి పట్టమన్నాను. ఐరన్ దగ్గరగా తెచ్చాను.

కాసేపటికి, "ఎక్కుతుంది" అన్నాడు. ముల్లు కదిలింది. "ఇంకా ఎక్కుతుంది." కదిలింది. ఐరన్ తీశాను. "ఆగింది... దిగుతుంది ఇప్పుడు." ముల్లు కన్నా ఆయనే ఒక అర క్షణం ముందున్నాడు. అప్పుడు ఫోన్ ఆయనవైపు తిప్పి చూపించి, కెపాసిటర్ సంగతి మొత్తం చెప్పాను. తల దించుకునే చెప్పాను. గుమ్మంలో అక్క నిలబడి వింటోంది.

ఆయన చెయ్యి ఇంకా ఆ మెట్టు మీదే ఉంది. "అయితే నా చెవి బానే ఉందా?" అన్నాడు.

ఉంది బావా అన్నాను. మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఆయన పక్కకి తిరిగి, టీవీ రిమోట్ తీసుకుని శబ్దం బాగా తగ్గించేశాడు. అక్క లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో కుళాయి విప్పిన చప్పుడు, దాని వెనక ఇంకో చప్పుడు.

నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. "రేపే చల్లపల్లి వెళ్ళి ఆయనతో అంతా చెప్పేస్తాను బావా. ఆ రోజే లేచి చెబుదామనుకున్నాను. లేవలేకపోయాను" అన్నాను.

బావ నావైపు చూశాడు. ఆరు వారాల తర్వాత మా భాషలో మాట్లాడాడు.

"వన్స్‌మోర్ అనడానికి మూడుసార్లు లేచావు, నాలుగోసారి లేవలేకపోయావా? కాలు లేనిది నాకురా."